శిశువుల ధర్మబుద్ధి: పియాజే గ్రంథమును గూర్చి కొంత విమర్శనము

బిడ్డను అయిదేండ్లవరకు లాలింపవలెననియు, ఆపైన పదియేండ్లు దండింపవలెననియు, పదునారవ యేడు వచ్చిన పిమ్మట మిత్రునివలె చూడవలెననియు నొక నీతి మన యిండ్లలో బహుకాలమునుండి వాడుకలో నున్నది. దీనిని చెప్పని తాతగారు అరుదు. విని తల యూపని తండ్రియు నరుదు. మేమును బాల్యమున దీని ఫలమును వీపున ననుభవించినవారమే. ఇది కేవలము నీతివాక్యము కాదు. శిశువు పెరుగుదలను గూర్చిన యొక సిద్ధాంతము. శైశవమున బుద్ధి లేదు గనుక ముద్దు. బాల్యమున బుద్ధి రావలెను గనుక బెత్తము. యౌవనమున బుద్ధి వచ్చినది గనుక స్నేహము. అయితే పదునైదేండ్లు నిండువరకు బెత్తమునకు జడిసి నడచినవాడు మరునాటి యుదయమున మిత్రుడెట్లగునో ఆ నీతి చెప్పదు.

ఈ ప్రశ్నను మనస్సున నుంచుకొనియే స్విట్జర్లాండు పండితుడైన జీన్ పియాజే 1932వ సంవత్సరమున ఫ్రెంచిభాషలో ప్రకటించిన గ్రంథమును, అదే సంవత్సరమున వెలువడిన ఆంగ్లానువాదమున, మేము మరల చదివితిమి. శిశువులు మంచిచెడ్డలను ఎట్లు నిర్ణయింతురను విషయమే ఆ గ్రంథమునకు వస్తువు. అది వెలువడి తొంబదియేండ్లు దాటినది. ఈలోగా దానిని పొగడినవారును, సవరించినవారును, ఖండించినవారును పెక్కుమంది బయలుదేరిరి. అందు నిలిచినదేది, నిలువనిదేది, మన గృహములకు పనికివచ్చునదేది యని విచారించుటయే ఈ వ్యాసముయొక్క యుద్దేశము.

పియాజే పేరు మన తెలుగునాట క్రొత్తది కాదు. ఆంధ్రప్రదేశమునను తెలంగాణమునను ఉపాధ్యాయులు కాగోరువారు వ్రాయు అర్హతపరీక్షలో శిశువికాసమను భాగము కలదు. దానికై వేలకొలది యువతీయువకులు ఇంద్రియచాలక దశ, పూర్వప్రచాలక దశ, మూర్త ప్రచాలక దశ, అమూర్త ప్రచాలక దశ అని నాలుగు పేళ్లను, వానికెదుట నాలుగు వయస్సులను కంఠస్థము చేయుదురు. పరీక్ష ముగిసిన పిమ్మట పేళ్లు కొన్నాళ్లు నిలుచును. వాని యర్థము ఎంతమంది తరగతిగదిలో నిలుచునో చెప్పజాలము. ఒక మహాపరిశోధన నాలుగు మెట్లుగా మారినది. మెట్లను లెక్కించువారే కాని, బిడ్డ మెట్టెక్కుట దేనివలన, ఎక్కకపోవుట దేనివలన అని యడుగువారు తక్కువ. ఆ గ్రంథముయొక్క ప్రాణమంతయు ఈ ప్రశ్నలోనే యున్నదని మా యభిప్రాయము.

పియాజే 1896వ సంవత్సరమున నూషటేల్ నగరమున జన్మించెను. మొదట జంతుశాస్త్రము నభ్యసించి నత్తలను పరిశోధించినవాడు. పిదప పారిసునగరమున పిల్లల తెలివిని కొలుచు ప్రశ్నలను సరిచూచు పని యాతనికి లభించెను. ఒప్పు సమాధానములను లెక్కించి తప్పులను త్రోసివేయుట ఆ పనియొక్క పద్ధతి. ఆతడు త్రోసివేయవలసిన తప్పులయొద్దనే ఆగెను. ఇంచుమించు ఒకే వయస్సు పిల్లలు ఒకే తీరున పొరబడుచుండుట గమనించి, శిశువు బుద్ధి పెద్దవాని బుద్ధికి చిన్న నమూనా కాదనియు, దాని నడక దానికి వేరుగా కలదనియు నిశ్చయించెను. 1921లో జెనీవానగరమందలి రూసో విద్యాసంస్థలో చేరి, అచటి పిల్లలను, పిదప తన ముగ్గురు బిడ్డలను చిరకాలము పరీక్షించెను. 1980లో మరణించువరకు ఆతని కృషి ఆగలేదు.

బుద్ధివికాసమును గూర్చి యాతడు చెప్పినదానిని గృహస్థుల మాటలలో నిట్లు చెప్పవచ్చును. ఇంచుమించు రెండేండ్లవరకు శిశువు చేతితోను నోటితోను ఆలోచించును. గుడ్డచాటున దాచిన బొమ్మ అచటనే యున్నదని తెలియుటకు కొన్ని నెలలు పట్టును. రెండు మొదలు ఏడేండ్లవరకు మాట వచ్చును, ఊహ వచ్చును; కాని తన చూపునుండి తొలగి ఎదుటివాని చూపున చూచుట కష్టము. వెడల్పు గ్లాసులోని పాలను వానియెదుటనే సన్నని పొడవాటి గ్లాసులో పోసినచో, పాలు హెచ్చినవనును. ఏడు మొదలు పదునొకండేండ్లవరకు కంటికి కనబడు విషయములలో తర్కము కుదురును. ఆపైన కంటికి కనబడని విషయములను గూర్చియు తర్కింపగలడు. వయస్సులు అందరికి నొక్కటి కావు. క్రమము మాత్రము ఒక్కటియే యని యాతని మతము. ఇందు మన విషయమునకు ముఖ్యమైనది పాల సంగతి. పాలను ఎత్తునుబట్టి కొలుచు బుద్ధియే తప్పును పగిలిన పెంకులనుబట్టి కొలుచును. దీనిని పియాజే చూపిన తీరు చదువరులకు తప్పక రుచించును.

ఆతడు పిల్లలకు రెండు కథలు చెప్పెను. జాన్ అను బాలుని భోజనమునకు పిలిచిరి. అతడు తలుపు త్రోసికొని వచ్చెను. తలుపు వెనుక కుర్చీమీద పళ్లెములో 15 కప్పులున్నవని వానికి తెలియదు. అవి యన్నియు పగిలినవి. హెన్రీ అను బాలుడు తల్లి ఇంట లేని సమయమున అలమరలోని తీపి పండ్లపాకమును దొంగిలింపబోయి ఒక్క కప్పు పగులగొట్టెను. ఎవరి తప్పు పెద్దది? చిన్నపిల్లలలో పలువురు జాన్ తప్పే పెద్దదనిరి; ఏలయన, 15 పగిలినవి. పెద్దపిల్లలు హెన్రీ తప్పు పెద్దదనిరి; ఏలయన, వాని ఉద్దేశము చెడ్డది. మొదటి తీర్పు సగటున ఏడేండ్లవారిది, రెండవది తొమ్మిదేండ్లవారిది; కాని ఒకే బిడ్డనోట రెండును వినవచ్చుననియు నాతడే యొప్పుకొనెను.

అబద్ధముల విషయమును నిట్టిదే. కుక్కను చూచి జడిసినవాడు ఇంటికి వచ్చి, అది ఆవంత యున్నదని చెప్పెను. మరియొకడు బడిలో మంచి మార్కులు రాకయే వచ్చినవని తల్లితో చెప్పి మెప్పు పొందెను. చిన్నవారికి మొదటిదే పెద్ద అబద్ధము. ఆవంత కుక్క లోకమున లేదు గదా! మంచి మార్కులు రావచ్చును గదా! ఇక ఆపిల్‌పండ్లు దొంగిలించి పారిపోవుచున్న బాలుని క్రింద కుళ్లిన వంతెనపలక విరిగినది. దొంగతనము చేయకున్నను విరిగియుండునా యని యడుగగా, ఆరేండ్లవారిలో నూటికి 86 మంది దొంగతనమువలననే విరిగినదను భావమున నుండిరి. పదునొకండు, పండ్రెండేండ్లవారిలో నట్లు తలచినవారు నూటికి 34 మందియే. చెట్టును, వంతెనయు, చీకటియు పెద్దలతో చేయి కలిపి తనను దండించుచున్నవని చిన్నబిడ్డ నమ్మును. ఆ నమ్మకమును ఆసరాగా గొని, బూచివాడు వచ్చునని మనము నిత్యమును భయపెట్టుచున్నాము.

ఇంతవరకు చెప్పినది వర్ణనము. గ్రంథముయొక్క బలము కారణవిచారమున నున్నది. పియాజే జెనీవా, నూషటేల్ వీథులలో గోలీలాడు బాలురయొద్ద కూర్చుండి, ఆట తనకు తెలియనట్లు నటించి, నేర్పుమని యడిగెను. అయిదారేండ్లవారు నియమములు దేవుడో తండ్రియో నగరపెద్దలో పెట్టినవనియు, మార్పరానివనియు చెప్పుచునే, ఆడునప్పుడు వానిని పాటింపలేదు. ఎవరి యాట వారిదే, అందరును గెలిచినవారే. పదునొకండు, పండ్రెండేండ్లవారు నియమములు తమబోటివారే చేసినవనియు, అందరు సమ్మతించినచో మార్చుకొనవచ్చుననియు చెప్పుచు, వానిని అక్షరాల పాటించిరి. చూడుడు: నియమము దైవికమని నమ్మినవాడు దానిని మీరుచున్నాడు, నియమము తనదని యెరిగినవాడు దానికి లోబడుచున్నాడు!

దీనినుండి యాతడు రెండు ధర్మములను వేరుచేసెను. ఒకటి పైనుండి వచ్చునది: పెద్దవాని యాజ్ఞ, చిన్నవాని భయభక్తులు. ఇందు మంచి యనగా మాట వినుట; చెడ్డ యనగా దండనము తెచ్చిపెట్టునది. రెండవది సమానులనడుమ పుట్టునది: పరస్పర గౌరవము, పరస్పర సమ్మతి. ఇందు మంచి యనగా ఎదుటివానికి న్యాయము చేయుట. మొదటిదానినుండి రెండవదానికి బిడ్డ ఏండ్లు నిండుటచేతనే పోడు. సమానులతో కలసి మెలసి, కలహించి, సమాధానపడి పోవును. పెద్దల ఒత్తిడి హెచ్చినకొలది మొదటి ధర్మమే గట్టిపడును. పియాజే మాటల సారమిదియే. బిడ్డ తప్పును పెంకులనుబట్టి కొలుచుట వాని బుద్ధిలేమిచేత మాత్రమే కాదు. మనమును పెంకులనుబట్టియే కొలుచుచున్నాము గనుక.

ఈ వాక్యమును వ్రాయుటకు మాకు స్వానుభవము కలదు. కొన్నేండ్ల క్రిందట మా యింట ఎనిమిదేండ్ల మా కుమారుడు ఆవకాయజాడిని క్రింద పడవైచెను. మేము పనినుండి వచ్చునప్పటికి వంటయిల్లంతయు నూనె, కారము, పెంకులు. ఏమియు నడుగక వానిని చెంపమీద కొట్టితిమి. మా తల్లిగారు పెరటిలోనుండి వచ్చి, "వాడు నాకు సాయం వచ్చాడురా. నడుము పట్టేసి ఎత్తలేకపోతుంటే, నేనెత్తుతా నాయనమ్మా అన్నాడు. అడగకుండానే కొట్టావేమిరా?" అనిరి. మేము మాటలాడలేదు, వానికి క్షమాపణమును చెప్పలేదు. తండ్రి బిడ్డను క్షమాపణ కోరుట మేము పెరిగిన యింట ఎన్నడు నెరుగము. ఆ వారముననే వాని అక్క పండుగకై దాచిన అరిసెలను చాటుగా తిని పట్టుబడినది. ఏమియు పగులలేదు గనుక అందరమును నవ్వితిమి. నెల తిరుగకముందే మా కళ్లజోడు కనబడకుండెను. బియ్యపుడబ్బా వెనుక దొరకినది. ఒక అద్దము పగిలియున్నది. బాలుని అడుగగా తనకు తెలియదనెను. వాడు అబద్ధమాడినందుకు మరల కోపము వచ్చినది. కాని జాడికథయు, అరిసెలకథయు, కళ్లజోడుకథయు పక్కపక్కన పెట్టి చూచినప్పుడు, మూడవదానిని వ్రాసినవారము మేమే యని తెలిసికొంటిమి. సహాయము చేయబోయి పగులగొట్టినచో దెబ్బ, దొంగిలించి పగులగొట్టకున్న నవ్వు. ఇక పగిలినదానిని దాచుట తప్ప ఆ బిడ్డకు మేము నేర్పిన నీతి యేమున్నది?

అయినను మెచ్చుకొనుటయే విమర్శనము కాదు. ఈ గ్రంథమున దోషములు కలవు. వానిని చెప్పక విడుచుట చదువరులకు అన్యాయము.

మొదటి దోషము ప్రశ్నలలో నున్నది. కప్పుల కథలో ఉద్దేశమును, నష్టమును కలగలిపి పెట్టిరి. ఒకవైపు మంచి యుద్దేశముతోపాటు పెద్ద నష్టము. మరియొకవైపు చెడ్డ యుద్దేశముతోపాటు చిన్న నష్టము. నష్టము రెండువైపుల సమముగా నుంచి తరువాతి పరిశోధకులు అడుగగా, అయిదారేండ్లవారును ఉద్దేశమును గుర్తించుచున్నారని తేలినది. అదేవిధముగా బుద్ధిపరీక్షలను గూర్చి మార్గరెట్ డొనాల్డ్‌సన్ అను విదుషి తన 1978 నాటి గ్రంథమున గట్టి యాక్షేపణము చేసెను. రెండు వరుసల బిళ్లలు సమానమని బిడ్డ చెప్పినపిమ్మట, పెద్దమనుష్యుడు ఒక వరుసను ఎడముగా జరిపి అదే ప్రశ్నను మరల నడిగినచో, తన మొదటి సమాధానము తప్పు కాబోలునని బిడ్డ తలచును. ఆ వరుసను అల్లరి ఎలుగుబొమ్మ వచ్చి చెదరగొట్టినట్లు నటించినప్పుడు, మునుపటికంటె ఎక్కువమంది పిల్లలు సరియైన సమాధానము నిచ్చిరి. అడిగినదానినే గొంతు మార్చి మరల నడుగుట మన యిండ్లలోను, బడులలోను నిత్యకృత్యము. బిడ్డ మాట మార్చినంతనే అబద్ధమాడెనని తీర్పు చెప్పుదుము. వాడు మన ముఖమును చదివి సమాధానము మార్చెనని తలపము.

రెండవ దోషము చిన్నబిడ్డలను మిక్కిలి తక్కువగా నెంచుట. అమెరికాదేశమున ఎలియట్ ట్యూరియల్, ఆతని వెంట జూడిత్ స్మెటానా మున్నగువారు పసిపిల్లల నడిగిరి. బడిలో బొమ్మలను ఎక్కడివక్కడ పెట్టవలెనను నియమము లేకున్నచో పెట్టకుండుట తప్పా? కాదనిరి. తోటిబిడ్డను కొట్టరాదను నియమము లేకున్నచో కొట్టుట తప్పు కాదా? అప్పుడును తప్పే యనిరి. 1981లో స్మెటానా ప్రకటించిన పరిశోధనలో మూడు, నాలుగేండ్ల పిల్లలును ఈ భేదము నెరిగియుండిరి. కావున పెద్దల యాజ్ఞయే చిన్నవాని ధర్మమనుట పూర్తిగా నిజము కాదు. ఆజ్ఞ లేకయే ఎదుటివాని యేడుపు వానికి ధర్మమును బోధించుచున్నది. ఈ సవరణ పియాజే సిద్ధాంతమును కొట్టివేయదు. ఆతడు ఏడేండ్ల పిమ్మట చూచిన మొలక మూడేండ్లనాడే యున్నదని చెప్పుచున్నది. ఉన్న మొలకను త్రొక్కినవారి బాధ్యత దీనివలన హెచ్చుచున్నదే కాని తగ్గుటలేదు.

మూడవ దోషము ఆడపిల్లల విషయము. పియాజే బాలుర గోలీలయాటను గూర్చి విస్తరించి వ్రాసి, బాలికల యాటలను స్వల్పముగా పరిశీలించి, నియమముల పట్టుదల బాలికలలో తక్కువయని తేల్చివేసెను. బాలికలు నియమమును సులభముగా మార్చుకొందురనియు, సహనము గలవారనియు నాతడే వ్రాసెను; దానిని లోపముగా నేల నెంచవలెనో చెప్పలేదు. ఆతని త్రోవను విస్తరించిన లారెన్స్ కోల్‌బర్గ్ 1958లో షికాగోయందు చేసిన పరిశోధన బాలురతోడనే జరిగినది. భార్య మరణావస్థలో నున్నది. మందు కొనుటకు ధనము చాలదు. భర్త మందును దొంగిలింపవచ్చునా యను ప్రశ్నను వేసి, సమాధానములలోని హేతువులనుబట్టి ఆతడు ఆరు దశలను కట్టెను. బాలురతో కట్టిన మెట్లను బాలికలకు కొలమానము చేయుట న్యాయమా యని కరోల్ గిల్లిగన్ 1982లో ప్రశ్నించెను. హక్కునుబట్టి తీర్పు చెప్పుట యొక ధర్మము. సంబంధమును తెగనీయక అందరిని కాపాడుట మరియొక ధర్మము. రెండవది మొదటిదానికి క్రిందిమెట్టు కాదని యామె వాదము. స్త్రీపురుషులనడుమ ఆమె చెప్పినంత భేదము లేదని తరువాతి పరిశోధనలు తెలిపినను, కొలబద్ద నెవరిమీద చేసితిరను ప్రశ్న మాత్రము చెక్కుచెదరలేదు.

నాలుగవ యాక్షేపణము మన పొరుగుననే పుట్టినది. రిచర్డ్ ష్వెడర్, మన్మోహన్ మహాపాత్ర, జోన్ మిల్లర్ అను మువ్వురు ఒడిశాలోని భువనేశ్వరమునను, షికాగోనగరమునను పిల్లలను, పెద్దలను ప్రశ్నించి 1987లో ఫలితములను ప్రకటించిరి. తండ్రి మరణించిన మరునాడు జ్యేష్ఠపుత్రుడు క్షౌరము చేయించుకొని కోడిమాంసము తినుట భువనేశ్వరమువారికి ఘోరమైన తప్పు. షికాగోవారికి తప్పే కాదు. ఆచారము వేరు, ధర్మము వేరు అను విభాగము అన్ని దేశముల బిడ్డలకును సహజమనుట సరికాదని వీరనిరి. ట్యూరియల్ పక్షమువారు దీనికి తగిన సమాధానమే యిచ్చిరి: కుమారుడట్లు చేసినచో తండ్రి యాత్మకు క్షోభ కలుగునని అచటివారు నమ్ముదురు, కావున వారును ఒకరికి హాని కలుగరాదను ధర్మమునుబట్టియే తీర్పు చెప్పుచున్నారు, భేదము ధర్మమున కాదు, లోకమును గూర్చిన నమ్మకమున నున్నది. మాకు రెండు పక్షములయందును సత్యము కనబడుచున్నది. సంస్కారమును కోరువారు దీనినుండి గ్రహింపవలసిన దొకటి కలదు. ఒక యాచారము చెడ్డదైనప్పుడు దానిని పాటించువారికి ధర్మబుద్ధి లేదని నిందించుట వ్యర్థము. హాని యెవరికి కలుగుచున్నదో వారికి చూపవలెను. అంటరాదని దూరముగా నిలువబెట్టిన తోటిబాలుని ముఖమును బిడ్డకు చూపి, "వానికెట్లుండును?" అని యడుగుట వంద యుపన్యాసములకంటె మేలు.

ఈ దోషములన్నింటిని తీసివేసిన పిమ్మటను పియాజే గ్రంథమున ఒకటి నిలిచియున్నది: సమానులనడుమ న్యాయము పెరుగునను మాట. దీనికి మా సాక్ష్యము మన పిల్లల యాటలే. "తొండి" యను మాటను బిడ్డలకు ఏ యుపాధ్యాయుడు నేర్పెను? ఏ పాఠ్యపుస్తకమున నున్నది? తొక్కుడుబిళ్లయందు కాలు గీత మీద పడినదని ఒకతె యనును, పడలేదని మరియొకతె యనును, సాక్షులను పిలుతురు, వాదింతురు, మరల తొక్కుమందురు. తొండి యాడినవారిని రెండునాళ్లు చేర్చుకొనరు, మూడవనాడు చేర్చుకొందురు. అభియోగము, సాక్ష్యము, తీర్పు, క్షమ అన్నియు నిందున్నవి. అంతకంటె ఆశ్చర్యకరమైనది "ఆటలో అరటిపండు". నియమము తెలియని పసివాడు ఏడ్చుచు వచ్చినచో వానిని తరిమివేయరు, దొంగను చేయరు, వాని తప్పును లెక్కింపరు, అందరితో పరుగెత్తనిత్తురు. న్యాయము అందరికి సమానమైనను, బలహీనుని బలహీనతను గణింపవలెనని యీ పిల్లలు నిర్ణయించుకొనిరి. పియాజే పదునొకండు, పండ్రెండేండ్లవారిలో చూచి మెచ్చుకొనిన యున్నతన్యాయ మిదియే. మన వీథులలో ఎనిమిదేండ్ల పిల్లలు దీనిని నిత్యము నడుపుచుండుట మేము చూచితిమి. గిల్లిగన్ చెప్పిన కరుణయు నిందే యున్నది. న్యాయమును కరుణయు ఒకే యాటలో కలసియుండగా, పండితులు వానిని బాలురకును బాలికలకును పంచిపెట్టుట మాకు వింతగా తోచుచున్నది.

ఇట్టి న్యాయవిద్యాలయమును మనమేమి చేయుచున్నాము? ఆడపిల్లకు తొమ్మిదేండ్లు వచ్చునప్పటికి తమ్ముని నెత్తుకొమ్మనియు, అంట్లు తోమమనియు, వీథిలో ఆటలేమనియు వాకిలి మూయుచున్నాము. మగపిల్లవానిని బడి విడిచినంతనే మరియొక చదువునకు పంపి, దీపాలవేళ దాటినపిమ్మట ఇంటికి రప్పించుచున్నాము. ఇద్దరికిని రోజంతయు పైనుండి వచ్చు నాజ్ఞలే కాని, ప్రక్కనుండి వచ్చు వాదము లేదు. పదునెనిమిదేండ్లు వచ్చినపిమ్మట వారికి ఓటు నిచ్చి, న్యాయమేదో మీరే తేల్చుడని చెప్పుచున్నాము. ఆటస్థలమున నేర్వనిదానిని ఓటుపెట్టెయొద్ద నేర్తురా?

"దండనము లేకున్న బిడ్డలు చెడిపోవుదురు, మొక్కై వంగనిది మానై వంగునా?" అని కొందరు పెద్దలు మమ్ములనడుగుదురు. వంచుటయే పెంపకమునకు పరమార్థమైనచో వారి మాట నిజమే. కాని మనము మొక్కను నీడకొరకును ఫలముకొరకును పెంచుచున్నాము; వంపుకొరకు కాదు. మరియు పియాజే దండనమే వలదనలేదు. ఆతడు దండనములను రెండు జాతులుగా విడదీసెను. రొట్టె తెమ్మనగా తేని బాలుని తిరునాళ్లలో రంగులరాట్నము నెక్కనీయకుండుట యొకటి. ఇంట రొట్టె చాలకున్నందున వానికి రొట్టె తక్కువ యగుట మరియొకటి. మొదటిదానికి తప్పుతో సంబంధము లేదు. పెద్దవాని కోపముతోనే సంబంధము. రెండవది తప్పుయొక్క ఫలమును చూపును. ఒకరిమీద నొకరు ఆధారపడియున్నామని తెలుపును. నూనె ఒలికినచో తుడుచుటకు సహాయము చేయించుట రెండవజాతిది; చెంపదెబ్బ మొదటిదానికంటెను హీనమైనది. సమాజముయొక్క యధికారమును, క్రమశిక్షణమును అంతగా సమర్థించిన ఫ్రెంచిపండితుడు ఎమిల్ డ్యూర్‌కైము సహితము, పియాజే యీ గ్రంథమున ఎవరితో ప్రత్యేకముగా వాదించెనో ఆ పండితుడే, బడిలో శరీరదండనము తగదనెను.

మన దేశమున 2009 నాటి విద్యాహక్కు చట్టముయొక్క 17వ విభాగము బడిలో పిల్లలను కొట్టుటను, మనస్సు నొప్పించి వేధించుటను నిషేధించినది. మంచిదే. కాని ఆ విభాగము బడిగడపయొద్ద ఆగిపోవును. ఇంటిగడప దాటి లోనికి రాదు. ఇంటిలోపల బిడ్డకు న్యాయవాది లేడు. తల్లిదండ్రులే ఫిర్యాది, వారే సాక్షి, వారే న్యాయాధిపతి, వారే తలారి. ఇన్ని యధికారములు గలవారు తీర్పునకు ముందు ఒక్క ప్రశ్న అడుగుట అధికమా? "ఏమి జరిగినదిరా?" అను ఆ యొక్క ప్రశ్నయే పెంకులనుండి ఉద్దేశమునకు దారి చూపును. పెద్దలు బిడ్డల స్థాయికి దిగి, తమ విధులను, తమ లోపములను వారియెదుట ఒప్పుకొనవలెనని పియాజే యీ గ్రంథమున సలహా చెప్పియున్నాడు. తల్లిదండ్రుల ధర్మమును ఒత్తిడిగానే చిత్రించెనని యాతనిపై మోపబడు నింద కిది సగము సమాధానము. మిగిలిన సగము మనము ఇంట చేసి చూపవలసినది.

మేమును ఆలస్యముగనే చేసితిమి. కళ్లజోడు దొరకిన కొన్నాళ్లకు బాలుని కూర్చుండబెట్టుకొని, జాడి పగిలిననాడు అడుగక కొట్టుట మాదే తప్పనియు, మన్నింపుమనియు చెప్పితిమి. వాడు చాలసేపు నేలను చూచి, "అయితే నాన్నా, ఈసారి నాయనమ్మకి జాడీ నేను ఎత్తవచ్చా?" అని యడిగెను. కళ్లజోడు మాట ఆనాడు వాడెత్తలేదు, మేమును ఎత్తలేదు. మరి రెండునాళ్లకు వాడే వచ్చి చెప్పెను.

పదునారవ యేట మిత్రుడు కావలెనని కోరువారు ఆరవయేటనే ఆ మైత్రికి విత్తనము నాటవలెను. అయిదేండ్ల ముద్దునకును, పదునారేండ్ల స్నేహమునకును నడుమ పదియేండ్ల బెత్తమును పెట్టిన పాతనీతి, నడుమ వంతెనను విరుగగొట్టి ఆవలియొడ్డున బిడ్డకొరకు నిరీక్షించునట్టిది. పియాజే చెప్పిన దశలను చదువుట మంచిదే. కాని వానిని బిడ్డను కొలుచుటకు గాక, మన నడవడిని కొలుచుకొనుటకు వాడుదము. ఈ మాసమున మన యిండ్లలో ఏదేని వస్తువు పగిలినప్పుడు, చేయి లేవకముందే నోరు ప్రశ్న నడుగునుగాక యని చదువరులైన సోదరీసోదరులను ప్రార్థించుచున్నాము.